నీడ నీటిలో పడనీకండి

ఆరిలోవ దాటాక ఆటో దిగేసి
మిగిలిన రెండు మైళ్ళూ నడిచాను.
జీడిమామిడి తోట అయిపోయిన చోట
వెదురు గేటు. టిక్కెట్టు ఇరవై.
తాటాకు గొడుగు కింద పిల్ల
చిల్లర లెక్కపెట్టి, నా కాళ్ళవైపు చూసి
"తోలు చెప్పులు జారతాయి తాతా, ఇప్పీండి" అంది.

పేరు గవరమ్మ. డిగ్రీ రెండో ఏడు.
వారమంతా కాలేజీ, ఆదివారం గెడ్డ.
ముందు తను, వెనక మేం ఏడుగురం:
స్టీలుప్లాంటు క్వార్టర్ల నుంచి ఒక జంట,
మెడలో కెమెరా వేలాడుతున్న కుర్రాడు,
కంచరపాలెం ఆడవాళ్ళు ముగ్గురు, పులిహోర డబ్బాతో.
"మాటలు మెల్లగా.
నీడ నీటిలో పడనీకండి,
కొంగనుకుంటాయి."

తుప్పురంగు రాళ్ళ మధ్య మొదటి మడుగు.
పరిగెలు.
ఎవరో గుప్పెడు పావలాలు విసిరి
అంతలోనే మనసు మార్చుకుని
ఏరేసుకున్నట్టు.

రెండోది కొర్రమడుగు.
ఎర్రటి పిల్లలు ఒక ముద్దగా కదులుతున్నాయి,
కింద నల్లగా, కొయ్యముక్కలా, తల్లి.
తల్లో తండ్రో, కాపలా ఇద్దరిదీనట.

"మా ఊరు డెబ్భైరెండు గడపలు.
ఆషాఢం నుంచి మూడు నెలలు గాలం పడదు,
వల పడదు. తప్పితే వెయ్యి.
మొదటి జరిమానా మా మావయ్యే కట్టాడు.
కట్టి, దసరా దాకా మా ఇంట మెతుకు ముట్టలేదు."

"అంతకు ముందు?" కెమెరా కుర్రాడు.

"ముందు ఏటుంది, ఒట్టి రాళ్ళు.
టౌన్నించి ఎవడో వచ్చి రాత్రికి రాత్రి మందు కలిపీసినాడని
మా తాత చెప్పీవోడు.
తెల్లారి చూస్తే గెడ్డంతా తెల్లటి పొట్టలేనంట.
పందులు కూడా ముట్టలేదంట.
పై ఊట దగ్గర మిగిలినవాటిని
చాన్నాళ్ళకి మా అమ్మా వాళ్ళూ
బిందెల్తో మోసుకొచ్చి ఇక్కడ ఒదిలారు."

నేను పాలకొడిశె బెరడు చూస్తున్నాను.

ఎవడో కాదు.
నీళ్ళ ట్యాంకుల సెక్షన్లో ఫిట్టరు.
ఇరవై ఎనిమిదేళ్ళు. పెళ్ళి కుదిరిన వేసవి.
సైకిలు క్యారేజీ మీద సగం బస్తా బ్లీచింగు,
తోడొచ్చినవాడు ఇప్పుడు లేడు.
ఏరుకున్నవి రెండు బుట్టలు.
తక్కినవాటిని చూడ్డానికి
తెల్లారేదాకా ఆగలేదు.
చేతుల్ని పదిరోజులు వదల్లేదు ఆ వాసన.
తలంబ్రాలు పోస్తుంటే
ఆవిడ ముక్కు చిట్లించింది.
ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఎందుకో అడగలేదు,
నేను చెప్పనూ లేదు.

మూడో మడుగులో కాళ్ళు పెట్టొచ్చు.
"కదపకండి, అవే వస్తాయి."
కంచరపాలెం వాళ్ళు చీరలు ఎత్తిపట్టి
చిన్నపిల్లల్లా కిచకిచలాడుతున్నారు.
మోకాళ్ళ నొప్పని నేను దూరంగా కూర్చున్నాను.
తర్వాత, ఎవరూ చూడనప్పుడు,
ఒక చెయ్యి పెట్టాను.

చాలాసేపు ఏమీ లేదు.
ఒకటి వచ్చింది. వేలిగోరంత.
చూపుడువేలి చివర ఏదో రుచి చూసి
వెళ్ళిపోయింది.
వెళ్ళి మరో నలుగుర్ని వెంటబెట్టుకొచ్చింది.

గేటు దగ్గర రిజిస్టరు: పేరు, ఊరు, అభిప్రాయం.
పక్కన మేకుకి దారంతో జరిమానాల పుస్తకం.
తిరగేశాను. కరెంటు తీగ వేసినవాడు,
పొదిగే వేళ గాలం వేసినవాడు,
సబ్బునీళ్ళు వదిలిన పెళ్ళివారు.
మొదటి పేజీ రెండువేల పదకొండు.
దానికి ముందు అట్ట.

పెన్షన్లోంచి రెండు ఐదువందలు తీశాను.
"విరాళమా తాతా? రసీదు రాయాలి."
పెన్ను మూత పళ్ళతో లాగింది.
"ఏ పద్దు కింద?"

"జరిమానా."

"ఏం చేశారనీ? నీడ పడిందనా?"
నవ్వింది. నవ్వుతూనే రాసింది.
తేదీ దగ్గర ఆగి
తలెత్తకుండానే అడిగింది:
"ఈరోజుదేగా?"